ఒట్టు తీసి గట్టు మీద పెట్టు

తోటి పిల్లాడి మనసులో ఏముందో అందరికంటే ముందు తెలిసేది తోటి పిల్లలకే. తెలిశాక ఏం చెయ్యాలో మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పరు.

పేపరు తెచ్చే బస్సు కె.కోటపాడు జంక్షన్లో ఆగేసరికి ఏడున్నర అయ్యేది. ఇంటర్ ఫలితాలంటే అప్పట్లో పేపర్లో చీమల బారులా అచ్చయిన నంబర్లు. పాసైనవాళ్ళవే వేసేవారు. టీకొట్టు బల్ల మీద పేపరు పరిచి, తలలు ఆనించుకుని, వేలు పెట్టి వెతుక్కునేవాళ్ళం. నా ముందు నంబరు ఉంది. నా తర్వాతి నంబరు ఉంది. నాది లేదు. వేలు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ వెతికాను. మళ్ళీ అక్కడే ఆగింది.

ఆ తర్వాతి నంబరు నా స్నేహితుడిది. రోజూ ఒకే సైకిల్ మీద కాలేజీకి వెళ్ళేవాళ్ళం. పాసైనందుకు ఎగిరి గంతెయ్యాల్సినవాడు, నా వేలు ఎక్కడ ఆగిందో చూసి పేపరు మడిచేశాడు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. ఇద్దరం చెరకు తోట గట్టు మీద కూర్చున్నాం. నాన్న అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు అమ్మిన డబ్బుతో నాకు ఫీజు కట్టాడు. ఆ ఏడు బెల్లానికి ధర లేదు. ఇవన్నీ వాడికి తెలుసు. చాలాసేపటికి "ఇంక ఉండాలని లేదురా" అన్నాను. వాడు "ఛ, అవేం మాటలు" అనలేదు. "మార్చి పోతే సెప్టెంబరు ఉంది కదా" అని కూడా అనలేదు. చెరకాకు చీలికలు చేస్తూ కూర్చుని, కాసేపాగి నా మొహంలోకి చూసి, "సచ్చిపోదామనుకుంటన్నావేటి?" అని అడిగేశాడు.

ఆ మాట వాడి నోట వినేసరికి పొద్దుటి నుంచీ బిగబట్టిన ఏడుపు ఒక్కసారి తెగింది. ఏడుస్తూనే వాడి చెయ్యి లాక్కుని నా అరచేతిలో పెట్టుకున్నాను. "ఎవరికీ చెప్పకు. మీ అమ్మ మీద ఒట్టు." వాడు ఒట్టేశాడు.

నన్ను ఇంటిదాకా దింపాడు. దీపాల వేళకి మా చిన్నాన్నని వెంటపెట్టుకుని మళ్ళీ వచ్చాడు. చిన్నాన్న నాన్నని వీధిలోకి పిలిచి ఏదో చెప్పాడు. ఆ రాత్రి నాన్న తన మంచం తెచ్చి నా మంచం పక్కన వేసుకున్నాడు. మార్కుల మాటెత్తలేదు. తెల్లవార్లూ ఆయన మేలుకునే ఉన్నాడని బీడీ వాసన చెబుతూనే ఉంది.

నేను నెల రోజులు వాడితో మాట్లాడలేదు. ఒట్టు తప్పిన ద్రోహి అన్నాను. పదిమందిలో అన్నాను.

ఈ కథనం రాయడానికి కూర్చుంటే వాడి మొహమే కళ్ళ ముందుకొస్తోంది. యువత ఆత్మహత్యల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెబుతాం, అధ్యాపకులకు నాలుగు చెబుతాం, ప్రభుత్వాన్ని నాలుగు అడుగుతాం. ఆ గట్టు మీద పక్కన కూర్చున్న పదిహేడేళ్ళ కుర్రాడికి మాత్రం ఏమీ చెప్పం. అందరికంటే ముందు ఆ మాట చెవిన పడేది వాడికే. ఒట్టేసి దిగమింగాలో, ఒట్టు తప్పి పరిగెత్తాలో ఒంటరిగా తేల్చుకోవాల్సిందీ వాడే.

ఊరు దాటిన పిల్లలు

కె.కోటపాడు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. అయినా పదో తరగతి దాటిన పిల్లల చూపు ఈనాటికీ విశాఖ వైపే. కొందరు చోడవరం, సబ్బవరం, కొత్తవలస బస్సుల్లో పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. కాస్త భూమి ఉన్నవాళ్ళూ, అప్పు పుట్టినవాళ్ళూ పిల్లల్ని నగరంలో హాస్టల్లో వేస్తారు. హాస్టల్లో చేరిన పిల్లకి పోయేది ఇంటి తిండి ఒక్కటే అనుకుంటాం. నాలుగో తరగతి నుంచీ పక్కన కూర్చున్న స్నేహితురాలు కూడా పోతుంది. మొహం చూసి "ఏటైంది?" అని అడిగే మనిషి పోతుంది. కొత్తచోట పక్క మంచం మీద ఉన్నది పోటీదారు అని మొదటివారంలోనే నేర్పేస్తారు. వారానికో పరీక్ష, దాని ర్యాంకును బట్టి సెక్షను. ఈ వారం కుదిరిన స్నేహం వచ్చే వారం సెక్షను మారితే చెదిరిపోతుంది.

విశాఖ హాస్టల్లో చదువుకుంటున్న ఒక పదిహేడేళ్ళ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. పశ్చిమ బెంగాల్ నుంచి నీట్ కోచింగ్ కోసం వచ్చిన పిల్ల. తండ్రి న్యాయం కోసం హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ సెంటర్లకీ, హాస్టళ్ళకీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని చెప్పింది. వంద మందో, అంతకు మించో విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టల్ గోడల మీద, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

మన సముద్రం ఒడ్డున పోయిన ఒక ప్రాణం దేశమంతటికీ ఈ ఆదేశాలు తెచ్చిపెట్టింది. కాబట్టి వాటి అమలు గురించి అందరికంటే ముందు అడగాల్సింది మన జిల్లాలవాళ్ళమే. కాలేజీలో ఫీజు కట్టేటప్పుడు ల్యాబ్ ఎక్కడ, బస్సు ఎన్నింటికి అని అడుగుతాం. "మీ కౌన్సెలర్ ఎవరండీ? ఒకసారి కలవొచ్చా?" అని కూడా అడగాలి. నలుగురు తండ్రులు అడిగితే ఐదో తండ్రికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

నంబరు తప్పొచ్చు

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో 13,044 మంది విద్యార్థులు. 2001లో ఈ సంఖ్య 5,425. పరీక్ష తప్పడమే కారణంగా 2022లో నమోదైన మరణాలు 2,248. సుప్రీంకోర్టు తన తీర్పులో ఎత్తి చూపినవీ ఈ అంకెలే.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. పరీక్షల కాలం వస్తేనే మనం ఈ విషయం మాట్లాడుకుంటాం. కానీ విద్యార్థుల్లో ఎక్కువమందిని కుంగదీసేవి మార్కుల జాబితాలో కనిపించవు. ఇంట్లో రోజూ తాగి వచ్చే తండ్రి, ఫోన్లో ఫొటో పెట్టుకుని బెదిరిస్తున్నవాడు, చదువు మానిపించి చేస్తామంటున్న పెళ్ళి, కులం పేరుతో పడ్డ మాట, చెప్పుకోలేని జబ్బు. లెక్చరర్‌కి ఇవి తెలియవు. ఇంట్లో తెలియనివ్వరు. తెలిస్తే గిలిస్తే పక్క బెంచీలో కూర్చునేవాళ్ళకే తెలుస్తాయి.

అలాగని ఫలితాల రోజును తేలిగ్గా తీసుకోలేం. 2023 ఏప్రిల్ 26న ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలొచ్చాక రెండు రోజుల్లో కనీసం తొమ్మిది మంది పిల్లలు పోయారు. విశాఖ పిల్లలూ ఉన్నారు వాళ్ళలో. అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఫలితాల్లో మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఆ రోజుల్లో పోయిన పిల్లలు ఇరవై మందికి పైనే. తర్వాత ప్రభుత్వం ఫెయిలైనవాళ్ళ జవాబు పత్రాలన్నీ ఉచితంగా మళ్ళీ చూపిస్తే, 1,137 మంది పాసయ్యారని తేలింది. మంచిర్యాల వైపు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99. మన భాషలోనే, తొంభై తొమ్మిది మార్కులకు రాసిన పిల్ల చేతిలో సున్నా పెట్టారు. ఆ పిల్ల "ఇది నా మార్కు కాదు" అని నిలబడి అడిగింది. అలా అడిగే ధైర్యం అందరికీ ఆ క్షణాన ఉండదు. "ఆగు, రీవెరిఫికేషన్ పెడదాం, రేపు కాలేజీకెళ్ళి కనుక్కుందాం" అనే తోడు కావాలి.

మా రోజుల్లో మార్చి పోతే సెప్టెంబరు దాకా ఎదురుచూడాలి. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ నెల రోజుల్లోనే పెడుతున్నారు. 2025లో ఏప్రిల్ 12న ఫలితాలిచ్చి, మే 12 నుంచి మళ్ళీ పరీక్షలు పెట్టారు. పాసైతే ఏడాది పోదు. చాలామంది పిల్లల ప్రాణం నిలబెట్టగల సమాచారం ఇది. ఫలితాల రోజు పత్రికల్లో ర్యాంకుల ఫొటోల పక్కన అంతే పెద్ద అక్షరాలతో ఇది కూడా రావాలి. మేం పత్రికలవాళ్ళం మరో మాట కూడా మార్చుకోవాలి. "క్షణికావేశంలో" అని రాసేస్తాం. ఆ పిల్లాడు వారాల తరబడి అన్నం సరిగా తినలేదని, ఆడుకోవడానికి రాలేదని, రాత్రి రెండింటికి స్టేటస్‌లు పెట్టాడని తర్వాత స్నేహితులే చెబుతారు. ఆవేశం క్షణికం కావచ్చు, బాధ కాదు. ఆ ఆవేశం మాత్రం పొంగులాంటిది. పక్కన ఒక మనిషి ఉంటే దిగుతుంది. నాన్న నా పక్కన మంచం వేసుకుని చేసింది అదే.

టీ ఇచ్చినవాళ్ళు

తోటివాళ్ళ తోడుకు ఇంత బలం ఉందని ప్రపంచం ఎలా తెలుసుకుందో చెప్పాలి. 1935లో ఇంగ్లండులోని లింకన్ ఊళ్ళో చాద్ వరా అనే కుర్ర పాస్టరు మొదటిసారి ఒక అంత్యక్రియ జరిపించాడు. పోయింది పద్నాలుగేళ్ళ అమ్మాయి. నెలసరి మొదలైతే అదేదో పాడు రోగమని భయపడి, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఆ పిల్ల ఆయన్ని వదల్లేదు. 1953 నవంబరులో లండన్‌లో తన చర్చి నుంచే ఒక ఫోన్ నంబరు పెట్టి, బతకాలని లేనివాళ్ళు నాతో మాట్లాడండి అన్నాడు. జనం బారులు తీరారు. ఆయన్ని కలవడానికి వేచి ఉన్నవాళ్ళకు టీ ఇచ్చి, కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు వచ్చారు. కొన్నాళ్ళకు ఆయనకు ఒక సంగతి తెలిసింది. టీ ఇచ్చినవాళ్ళతో మాట్లాడి మనసు తేలికై, చాలామంది లోపలికి రాకుండానే వెళ్ళిపోతున్నారు. 1954లో పని మొత్తం ఆ టీ ఇచ్చేవాళ్ళకే అప్పగించాడు. అదే సమారిటన్స్ సంస్థ. ఆ దారిలోనే 1986లో మద్రాసులో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను ప్రారంభించారు. హైదరాబాద్‌లో రోష్ని 1997 నుంచి తెలుగువాళ్ళ మాట వింటోంది.

పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఒకటుంది. పది ఐరోపా దేశాల్లో 168 బడుల్లో 11,110 మంది పిల్లలతో చేశారు. 2015లో లాన్సెట్‌లో వచ్చింది. కొన్ని బడుల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నింటిలో నిపుణులు పిల్లల్ని వడపోసి ఎవరికి ప్రమాదం ఉందో చూశారు. మూడో రకం బడుల్లో పిల్లల్నే కూర్చోబెట్టారు. నాలుగు వారాల్లో మొత్తం ఐదు గంటలు. వాళ్ళ జీవితాల్లోంచే సన్నివేశాలు తీసుకుని చిన్న నాటకాలు ఆడించారు. స్నేహితుడు ఇలా అంటే నువ్వేమంటావు, ఎవరి దగ్గరికి వెళ్తావు అని వాళ్ళచేతే మాట్లాడించారు. ఏడాది తర్వాత చూస్తే, ఏమీ చేయని బడుల కంటే ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి తగ్గింది ఈ మూడో రకం బడుల్లోనే. టీచర్ల శిక్షణ, వడపోత ఒక్కొక్కటీ విడిగా చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. అంటే టీచర్లు వద్దని కాదు. పిల్లలకు నేర్పకుండా మిగతావన్నీ చేస్తే చాలదని.

ఐదు గంటలు. మన ఇంటర్ కాలేజీలో ఒక్క రోజు స్టడీ అవర్లు అంతకంటే ఎక్కువ. కొత్త పథకం కూడా అక్కర్లేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ఊళ్ళోని పిల్లల్లోంచే తోటి బోధకుల్ని ఎంచుకోవాలని ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని కాలేజీ ఆవరణలోకి తెచ్చే ప్రిన్సిపాల్ ఒకరు చాలు.

ఆ ఐదు గంటల్లో ఏం చెప్పాలి?

నాకు తెలిసింది చెబుతాను. పిల్లలు నేరుగా చదువుతారని రాస్తున్నాను.

మీ స్నేహితుడు "నా గోల మీకు ఇంకెన్నాళ్ళో ఉండదులే" అన్నాడనుకోండి. గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, డీపీ తీసేశాడు, ఇష్టమైన వాచీ నీకే ఉంచుకో అన్నాడు, ఎప్పుడూ లేంది అందరికీ సారీ చెబుతున్నాడు. లేదా వారాల దిగులు తర్వాత ఉన్నట్టుండి మరీ ప్రశాంతంగా కనిపిస్తున్నాడు. ఇలాంటివి కనిపిస్తే పక్కకి తీసుకెళ్ళి అడగండి. చుట్టూ తిప్పకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం వేస్తుంది. అలా జరగదని పరిశోధనలు తేల్చాయి. అడిగితే బరువు దిగుతుంది. అది నేను అనుభవించాను.

అతను చెబుతుంటే వినండి. "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" అనకండి. అతను ఆలోచిస్తున్నది వాళ్ళ గురించే, వాళ్ళకు తను బరువని. "నాకంటేనా" అని మీ కష్టం చెప్పకండి. సలహా తోచకపోతే ఫర్వాలేదు. మావాడు ఆ పూట నాకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

ఒంటరిగా వదలకండి. అవును అన్నాడంటే అతన్ని వాళ్ళింట్లోనో, వార్డెన్ దగ్గరో, మీరు నమ్మే లెక్చరర్ దగ్గరో అప్పగించేదాకా పక్కనే ఉండండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది. కష్టంలో ఉన్నవాడే చెయ్యాలని లేదు. పక్కనున్న మీరు చేసి ఏం చెయ్యమంటారని అడగొచ్చు. అమ్మాయిని ఎవరైనా బెదిరిస్తుంటే 1098 కూడా ఉంది.

ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళని పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం చేయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అలాగే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరు చెబితే మన ఊళ్ళలో మొహాలు ముడుచుకుంటాయి. పిల్లల నోట రోజుకు పదిసార్లు వచ్చే తిట్టు "మెంటలా?" ఆ తిట్టు వింటూ పెరిగినవాడు రేపు డాక్టరు దగ్గరికి ఏ మొహంతో వెళ్తాడు? ఆ ఒక్క తిట్టు మానేసినా ఒక స్నేహితుడికి దారి వేసినట్టే.

ఇక ఒట్టు సంగతి. పిల్లలకు మాటంటే ప్రాణం. రహస్యం దాచినవాడే స్నేహితుడని నేర్చుకుంటారు. అందుకే రాత్రి రెండింటిదాకా ఫోన్లో బతిమాలుతూ, తెల్లారి ఎర్రటి కళ్ళతో క్లాసుకొచ్చి, ఎవరికీ చెప్పలేక లోపల్లోపల నలిగిపోయే పదహారేళ్ళ పిల్లలు ఈ క్షణాన ఉన్నారు. ఆ బరువు వాళ్ళు మొయ్యగలిగింది కాదు. జరగరానిది జరిగితే "నాకు తెలుసు, నేను చెప్పలేదు" అన్న మాట వాళ్ళని ఏళ్ళ తరబడి తింటుంది. ఇప్పటికే అలా స్నేహితుల్ని పోగొట్టుకున్న పిల్లలు ఇది చదువుతుంటే: అది మీ తప్పు కాదు. మీకెవరూ నేర్పలేదు. మీరూ ఎవరితోనైనా మాట్లాడండి, మీకూ అదే నంబరు.

ప్రేమ ఉత్తరం సంగతి దాచండి. ఎవరి మీద కోపమో దాచండి. చచ్చిపోతానన్న మాట దాచకండి. చిన్నప్పుడు ఆటల్లో తప్పించుకోవడానికి మనమే అనేవాళ్ళం కదా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని. దానికి ఇంతకంటే సరైన వేళ రాదు.

సెప్టెంబరులో లెక్కల పరీక్ష పాసయ్యాను. పరీక్షకు వాడే సైకిల్ తొక్కాడు. అప్పటికి మాటలు కలిశాయి. కానీ ఒట్టు మాట మాత్రం ఇద్దరం చాలా ఏళ్ళు ఎత్తలేదు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడిగాను. ఇప్పుడు వాడి కూతురు ఇంటర్ చదువుతోంది.

"మీ అమ్మ మీద ఒట్టేసి తప్పావు కదరా. భయం వెయ్యలేదా?"

"వేసింది" అన్నాడు. "నిన్ను దింపి తిన్నగా ఇంటికే ఎల్లాను. అమ్మకే చెప్పాను, నీ మీద ఒట్టేశానే అని. పొయ్యి కాడ ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా నన్ను వీధిలోకి తోసేసింది. 'నా మీదే కదా ఒట్టు, నాకేటీ అవదు. నువ్వు బేగెల్లు' అంది."

వాళ్ళమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది.